పోవా

దాని పేరు వంజాలా సార్ చెప్పిండు.
మోకాళ్ళ మీద కూసోని, ఆకు కొసను గోటి మీద ఆనించి
"పోవా" అన్నడు.
నేను లేచి నిలబడ్డ,
ఎటు పొమ్మంటున్నడో తెల్వక.

లింబాద్రి నవ్విన నవ్వుకు
ఇసుక గుంతల మీది గువ్వలు లేచిపోయినయి.

సీబు దాటినంక, సముద్రానికీ విమానాల దారికీ నడుమ
ఈ గోల్ఫు మైదానం.
పొద్దుగాల నాలుగున్నరకు కత్తి, బొక్కెన,
మోకాళ్ళకు రబ్బరు చిప్పలు.
గరిక నడుమ దాగిన దాన్ని పట్టుకొనుడు మా పని.

అవును, గరికనే.
పసుపు చేన్ల తరతరాలు పీకి
గట్టు మీద ఎండేసినా చావని గరిక.
ఇక్కడ దానికి తియ్యటి నీళ్ళు, మందులు,
జ్వరమొస్తే చూసెటందుకు దొర.
దాన్ని చంపెటోళ్ళ పిల్లలం
దాన్ని సాదెటందుకు విమానమెక్కినం.

ఇదైతే చలికాలంలనే వస్తది.
ముందు రంగు పట్టిస్తది.
గరిక మీద ఎవరో నిమ్మకాయ పిండినట్టు లేత మచ్చ.
వంగి చూస్తే ఆకు కొస సూదిగ ఉండదు,
మత్రా రేవుల కట్టేసిన చెక్కపడవ మూతి లెక్క
ముడుచుకొని ఉంటది.
వేలితో నొక్కితే రెండుగ చీలుతది.
వెలుతురుకు ఎత్తి పడితే
నడిమి ఈనెకు అటొకటి ఇటొకటి గీతలు,
యాడా ఆగని రైలు పట్టాలు.
లేత ఆకు మీద అడ్డం ముడతలు,
సూట్‌కేసు అడుగున వచ్చిన అంగీ తీరు.
ఆకు కాడను విడిచే చోట తెల్లగ పలుచటి పొర.
సార్ దాన్ని నాలుక అన్నడు.
భూతద్దంల చూసిన. నాలుకనే.
ఏమీ అనదు.

వేరు వేలెడు లేదు.
లాగితే ఎదురు చెప్పకుండ వస్తది.
గరిక తీరు మట్టిల పాకి ఇంకోకాడ తలెత్తే తెలివి దీనికి లేదు.
ఇంత సులువుగ వచ్చేదాన్ని
ఏడేండ్ల సంది ఎందుకు పీకుతున్నమంటే

కంకి.
మిషను మూడు మిల్లీమీటర్ల ఎత్తుల కోస్తది.
ఇది దాని కిందనే పూస్తది.
నేను కండ్లార చూసిన,
ఆదివారం పీకి బొక్కెనల పారేసిన పూత
గురువారానికి గింజలు రాల్చింది.
చచ్చినట్టు పడి ఉండి
పని కానిచ్చుకున్నది.

ఒకదాన్ని పెయింటు డబ్బాల నాటి క్యాంపుకు తెచ్చిన,
ఏసీ నీళ్ళు బొట్టుబొట్టు పడే కాడ పెట్టిన.
"కంపెనీ దొంగను ఇంట్ల దాస్తున్నవ్" అన్నడు లింబాద్రి.
అని, తనే రోజూ ముందుగాల పోయి చూసెటోడు.
ఏప్రిల్‌ల పచ్చదనం పోయింది.
మే వచ్చేసరికి పిడికెడు ఎండుపోచ.
"ఏడాది మొక్క, ఇంకేం కావాలె దానికి" అన్నడు సార్.
డబ్బాను మంచం కిందికి తోసిన.
ఎండాకాలమంతా అందుల ఉత్త మట్టి.

నవంబరుల ఏసీలు బందు.
బొట్టు పడుడు ఆగింది.
చాయ్ గిన్నె కడిగిన నీళ్ళు పోసిన, ఊకెనే,
ఏం కోరిక లేకుండ.
వారం దినాలకు తొమ్మిది మొలకలు,
తొమ్మిదింటికీ పడవ మూతులు.

పొద్దుగాల మైదానంల మంచు ఇంకా ఆరలే.
దూరంగ లేత మచ్చ ఒకటి.
సార్ వేలు చూపించి పిలిచిండు.
"పోవా!"

"పోను" అన్న నేను.

ఆయనకు తెలుగు రాదు.
బొక్కెనను మోకాలితోటి ముందుకు జరిపి
కత్తి తీసిన.